కాయిల్ కడుక్కునే రోజులు పోయాయి

నిజాంపేటలో ఏడాది పాటు కాపురం ఉన్నవాళ్ళెవరికీ హీటింగ్ కాయిల్ గురించి పాఠం చెప్పక్కర్లేదు. ఇక్కడి బోరు నీళ్ళకి, ట్యాంకరు నీళ్ళకి గీజర్లో కాయిల్ చుట్టూ సున్నం తెల్లగా గడ్డకడుతుంది. నీళ్ళు కాగటం ఆలస్యమవుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, ఓ రోజు కాయిల్ కాలిపోతుంది. అందుకే అప్పుడప్పుడూ ఎలక్ట్రీషియన్ని పిలిచి, విప్పించి, నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి కడిగిస్తుంటాం. వేడెక్కే తీగ ఏదైనా ఇంతే. దాని మీద ఏదో ఒకటి పేరుకుంటుంది. విప్పి కడిగితే ఇంకొన్నాళ్ళు నడుస్తుంది.

ఈ టపా అదే సూత్రం మీద నడిచే ఇంకో తీగ గురించి. ఈ-సిగరెట్లో ఉండే అటమైజర్ అన్నమాట. దాన్ని ఎలా శుభ్రం చేస్తారు, ఎన్నాళ్ళు వాడొచ్చు అన్నది చిన్న విషయంలాగే కనిపిస్తుంది కానీ, మన దేశం 2019లో చేసిన ఓ చట్టం మంచిచెడ్డలు తేల్చటానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు.

ముందే ఒక మాట. నాకు సిగరెట్టు అలవాటు లేదు, ఈ-సిగరెట్టూ లేదు. ఎవర్నీ అలవాటు చేసుకోమనటం నా ఉద్దేశం అసలే కాదు. కానీ హైటెక్ సిటీలో టీ బండి దగ్గర ఓ పావుగంట నిలబడండి. ఎవరో ఒకరు అరచేతిలో దాచుకుని పీలుస్తూ కనిపిస్తారు. మామిడిపండు వాసనో, పుదీనా వాసనో వస్తుంది. నిషేధించిన వస్తువని పీల్చేవాడికీ తెలుసు, పక్కన నిలబడ్డ మనకీ తెలుసు. ఇంత బాహాటంగా ఉన్నదాన్ని లేనట్టు నటించటం వల్ల ఎవరికీ లాభం లేదని నా అభిప్రాయం.

సరే, పనితీరు చూద్దాం. దేవుడి దగ్గర దీపం పెట్టే ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది రెండు నిమిషాల పని. ప్రమిదలో నూనె ఉంటుంది, వత్తి దాన్ని పైకి లాక్కుంటుంది, కొస దగ్గర కాలుతుంది. అటమైజర్లో ప్రమిద బదులు చిన్న ట్యాంకు, వత్తి బదులు దూది, మంట బదులు ఆ దూదిని ఆనుకుని చుట్టిన సన్నటి తీగ. తీగ నైక్రోమ్‌ది కావచ్చు, ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి చేసే కాంతాల్‌ది కావచ్చు, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది కూడా కావచ్చు. బ్యాటరీ నుంచి కరెంటు రాగానే తీగ వేడెక్కి, దూది పీల్చుకున్న ద్రవాన్ని ఆవిరి చేస్తుంది. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం కలిపిన దినుసులు ఉంటాయి. మొదటిది 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, గ్లిజరిన్ 290 దగ్గర. ఇవన్నీ ఆవిరై పోతాయి. తీపి కోసం వేసే సుక్రలోజ్ అలా పోదు. బెల్లం పాకం ముదిరి గిన్నెకి అంటుకున్నట్టు తీగ మీద నల్లగా అంటుకుపోతుంది. మామిడి, పుచ్చకాయ లాంటి తీపి రుచులు వాడేవాళ్ళ కాయిల్ తొందరగా పాడయ్యేది ఇందుకే.

ప్రమిదలో నూనె అయిపోతే ఏమవుతుంది? వత్తే మాడుతుంది. ఇక్కడా అంతే. ట్యాంకు అడుగంటినా, నల్లటి పొర వల్ల ద్రవం తీగ దాకా సరిగ్గా అందకపోయినా దూది మాడటం మొదలవుతుంది. గ్లిజరిన్ విరిగిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ లాంటివి పుడతాయి. అక్రోలీన్ మనకి మరీ కొత్తదేం కాదు. మూకుట్లో నూనె మాడి పొగలొస్తే కళ్ళు మండుతాయే, ఆ మంటకి కారణమయ్యేవాటిలో అదొకటి. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఓ చిన్న నివేదిక వచ్చింది. పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే ఫార్మాల్డిహైడ్‌ని విడుదల చేసే పదార్థాలు కనపడలేదు, 5 వోల్టుల దగ్గర కనపడ్డాయి. దాని మీద విమర్శలూ వచ్చాయి: అంత వేడిలో వచ్చే మాడు రుచికి మామూలు మనిషెవడూ రెండో దమ్ము లాగడని. నిజమే అయ్యుండొచ్చు. అయితే ఇంజనీరుగా నాకు అందులో వినిపించేది వేరే. ఈ మొత్తం వ్యవస్థలో ఉన్న సెన్సర్ ఒక్కటే, అది పీల్చేవాడి నాలుక! ఆ నాలుక మీద మామిడి రుచి, చల్లటి పుదీనా దట్టంగా పూస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇహ కడగటం సంగతి. విప్పగలిగే పరికరాలు వాడినవాళ్ళ పద్ధతులు కొన్ని ఉన్నాయి. తీగని, దాని గూడుని వేణ్ణీళ్ళలో నానబెట్టటం, జిగురు వదలకపోతే ఆల్కహాల్లో ముంచటం, మళ్ళీ మంచినీళ్ళతో కడిగి ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరనివ్వటం. సొంతంగా తీగ చుట్టుకునేవాళ్ళయితే పాత దూది తీసేసి, తీగని ఎర్రగా కాల్చి, మసి రాలగొట్టి, కొత్త దూది పెట్టుకునేవాళ్ళు. పంపు స్టవ్‌కి పిన్ను పెట్టి, వత్తుల స్టవ్‌కి మసి వత్తులు కత్తిరించిన మన అమ్మమ్మలకి ఇందులో వింతేమీ కనపడదు :)

దీనివల్ల దక్కేదెంత? కంపెనీ నుంచి దూదితో సహా బిగించి వచ్చే కాయిల్‌కి కొద్ది రోజులు అదనం, అంతే. మాడిన దూది ఎంత కడిగినా మళ్ళీ దూది కాదు. ఉత్త తీగ అయితే దూది మారుస్తూ ఇంకా చాలా రోజులు లాగించొచ్చు. రుచి బాగుంటుంది, డబ్బు కొంత మిగులుతుంది.

ఊపిరితిత్తులకి దక్కేదేమైనా ఉందా అంటే, ఇక్కడే తిరకాసు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 56 మంది రోజూ వాడేవాళ్ళ పరికరాలు తీసుకుని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. సీసాలో ఉన్నప్పుడు ద్రవంలో లోహాలు పెద్దగా లేవు. కాయిల్‌ని తాకాక, ట్యాంకులో మిగిలిన ద్రవంలోనూ పీల్చే ఆవిరిలోనూ సీసం, నికెల్, క్రోమియం లాంటివి బాగా పెరిగాయి. అంటే అవి తీగ నుంచో, దాని చుట్టూ ఉన్న భాగాల నుంచో వస్తున్నాయన్నమాట. ఇంకో విచిత్రం, కాయిల్ తరచుగా మార్చేవాళ్ళ పరికరాల్లో ఈ లోహాలు ఎక్కువగా ఉండే ధోరణి కనిపించింది. పాతది నల్లబడితే మాడు పొగ, కొత్తది బిగిస్తే లోహం! కడిగితే శుభ్రమయ్యేది కాయిలే తప్ప అందులోంచి వచ్చే ఆవిరి కాదు. "రెగ్యులర్‌గా క్లీన్ చేస్తాను, నాకేం కాదు" అనేవాళ్ళకి చెప్పాల్సిన మాట ఇదొక్కటే.

మరి కడగటం దండగేనా? అలా అనను. కడగటానికి ముందు విప్పాలి. విప్పేవాడికి లోపల ఏముందో కంటికి కనపడుతుంది. నల్లబడ్డ దూది చూసినవాడికి తన లోపల ఏం జరుగుతుందో అనే ఆలోచన ఒక్కసారైనా వస్తుంది. ద్రవం విడిగా కొంటాడు కాబట్టి అందులో నికోటిన్ ఎంతో సీసా మీద చదువుకుంటాడు. 18 నుంచి 12కి, 12 నుంచి 6కి తగ్గించుకుంటూ వచ్చి మానేసే దారి ఒకటి ఉంటుంది. నాకు తెలిసిన ఓ సీనియర్ సిగరెట్టు మానింది ఆ దారిలోనే. ఇది ఒక్కడి అనుభవం కదా అంటారేమో. వైద్య పరిశోధనలన్నిటినీ పోగేసి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2022లో ఇచ్చిన సమీక్ష కూడా, సిగరెట్టు మానటానికి నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్‌ల కంటే నికోటిన్ ఉన్న ఈ-సిగరెట్లు ఎక్కువమందికి ఉపయోగపడుతున్నాయని గట్టి ఆధారాలతోనే చెప్పింది. సిగరెట్టు తాగేవాడి సంగతి అది. తాగనివాడు కొత్తగా మొదలుపెట్టటానికి అందులో ఏ సమర్థనా లేదు.

ఇప్పుడు మన చట్టం దగ్గరికొద్దాం. 2019 సెప్టెంబర్ 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబర్లో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధం. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు, లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఉద్దేశం పిల్లల్ని కాపాడటం. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను.

సరిగ్గా అప్పుడే అమెరికా నుంచి భయంకరమైన వార్తలు వస్తున్నాయి. 2020 ఫిబ్రవరి నాటికి అక్కడ ఆసుపత్రి పాలైన కేసులు, మరణాలు కలిపి 2,807 నమోదయ్యాయి. వాటిలో మరణాలు 68. విచారణలో ప్రధానంగా తేలిందేంటంటే, గంజాయి సారం నింపి దొంగచాటుగా అమ్మిన కార్ట్రిడ్జుల్లో చిక్కదనం కోసం విటమిన్ ఈ అసిటేట్ కలిపారు. లోపల ఏముందో కొన్నవాడికి తెలియదు, విప్పి చూసే వీల్లేదు, అమ్మినవాడికి చిరునామా లేదు. ఆ విషాదం నుంచి నేర్చుకోవాల్సింది ఇదీ. మనం మాత్రం సరిగ్గా అలాంటి సరుకే మిగిలేలా చేసుకున్నాం.

ఎలాగంటారా? దొంగచాటు వ్యాపారానికి ఏ వస్తువు అనుకూలమో ఆలోచించండి. ట్యాంకు, కాయిల్స్, దూది, ద్రవం సీసాలు విడివిడిగా అమ్మాలంటే దుకాణం కావాలి, తెలిసినవాడు కౌంటర్లో కూర్చోవాలి, కొన్నవాడు వారం వారం తిరిగి రావాలి. అదే స్కెచ్ పెన్నంత సీలు వేసిన డబ్బా అయితే జేబులోంచి తీసి చేతిలో పెట్టేస్తే పని అయిపోతుంది. ఇప్పుడు టీ బండ్ల దగ్గర నాకు కనపడేవి దాదాపు అన్నీ అవే. అటమైజర్ ఎలా కడగాలని మా టీంలో ఒకడు ఈ మధ్య అడిగితే, ఏదీ చూపించమన్నాను. అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్క స్క్రూ లేదు. నికోటిన్ ఎంతో అంటించిన కాగితం మీద ఉంది, ఆ కాగితాన్ని నమ్మటానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. ఏ మందు కలిపినా, ఏ లోహంతో తీగ చుట్టినా అడిగే దిక్కు లేదు. చట్టం దృష్టిలో ఆ వస్తువే లేదు కాబట్టి దానికి ప్రమాణాలూ లేవు.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. సీలు వేసినవి పెరిగింది మన ఒక్క దేశంలోనే కాదు, నిషేధం లేని చోట్లా పెరిగాయి కదా అని. నిజం. బ్రిటన్‌లో వారానికి దాదాపు 50 లక్షలు చెత్తలో పడేస్తున్నారని 2023లో అక్కడి మెటీరియల్ ఫోకస్ అనే సంస్థ లెక్క చెప్పింది. కాబట్టి తప్పంతా నిషేధానిదే అనటం అన్యాయం. కానీ బ్రిటన్ ఏం చేసిందో చూడండి. 2025 జూన్ 1 నుంచి ఒక్కసారి వాడి పారేసేవాటి అమ్మకాన్ని నిషేధించింది. మళ్ళీ నింపుకునేవి, కాయిల్ మార్చుకునేవి ఉండనిచ్చింది. అక్కడ చట్టం రెంటికీ తేడా చూసింది. మన చట్టానికి రెండూ ఒకటే. రెండూ ఒకటే అయినప్పుడు దాచటానికి వీలైనదే బతుకుతుంది.

ఇంకో తమాషా. అదే టీ బండి మీద అసలు సిగరెట్టు పెట్టె దర్జాగా ఉంటుంది. 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ మన చార్మినార్ పేరునే సిగరెట్టుకి పెట్టి దేశమంతా అమ్మింది. గుంటూరులో 1976 నుంచి పొగాకు బోర్డు ఉంది. ఐటీసీలో మన ఎల్ఐసీకి పెద్ద వాటా ఉంది. పొగాకు రైతుల కడుపు కొట్టమని నేననటం లేదు, ఇందులో కుట్ర ఉందనీ అనను. కానీ 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలిన దేశంలో, కాల్చి తాగేదానికి 85 శాతం బొమ్మ హెచ్చరికతో సరిపెట్టి, దీన్ని మాత్రం పూర్తిగా చీకట్లోకి నెట్టటం ఏ లెక్కో నాకు అంతుపట్టదు.

నాకు అసలు బాధ పిల్లల గురించి. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ అంతా ఇంటర్ కాలేజీల హాస్టళ్ళే. పొద్దున్నుంచి రాత్రి దాకా చదువే, ఆట లేదు, ఇల్లు దూరం. సిగరెట్టు తాగితే బట్టలకి కంపు, వార్డెన్‌కి దొరికిపోతారు. ఇది చూడ్డానికి హైలైటర్ పెన్నులా ఉంటుంది, వాసన చూస్తే బబుల్‌గమ్‌లా ఉంటుంది. దుకాణంలో అమ్మేవాడికైతే వయసు అడగమని చెప్పొచ్చు, లైసెన్సు పోతుందని బెదిరించొచ్చు. జేబులోంచి అమ్మేవాడికి పోయే లైసెన్సే లేదు. పిల్లల కోసమని చేసిన చట్టం పిల్లలకి అతి తేలిగ్గా అందేదాన్నే మిగిల్చిందంటే దాన్ని మళ్ళీ ఓసారి తీసి చూడాలి కదా.

చెత్త సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ప్రతి సీలు డబ్బాలోనూ ఓ లిథియం బ్యాటరీ ఉంటుంది. చాలావాటిలో ఉండేది మళ్ళీ ఛార్జ్ చేసుకోగల రకమే. అయినా ఒక్కసారి వాడి పారేస్తారు. మన దేశంలో 2022లోనే బ్యాటరీ వ్యర్థాల నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం తయారీదారు, దిగుమతిదారు వాడిన బ్యాటరీలని వెనక్కి సేకరించే బాధ్యత తీసుకోవాలి. ఈ వస్తువుకి తయారీదారూ లేడు, దిగుమతిదారూ లేడు, అంతా గాల్లోంచి ఊడిపడ్డట్టే లెక్క. కాబట్టి అది స్వచ్ఛ ఆటోలో తడి చెత్తతో పాటు జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దారి పడుతుంది. మధ్యలో నలిగితే అంటుకునే ప్రమాదం చెత్త ఏరుకునేవాళ్ళది.

నా మటుకు నేను కోరేది పెద్దగా ఏం లేదు. సీలు వేసిన వాడిపారేసేవాటి మీద నిషేధం ఉండాలి, అదీ టీ బండి దగ్గర పీల్చేవాడి మీద కాకుండా పెట్టెలకి పెట్టెలు దింపేవాడి మీద గట్టిగా నడవాలి. సిగరెట్టు మానలేక అవస్థ పడే పెద్దవాళ్ళకి విప్పగలిగే, కొలవగలిగే, కాయిల్ మార్చుకోగలిగే పరికరం డాక్టరు చీటీ మీద దొరికే ఏర్పాటు గురించి కనీసం చర్చ జరగాలి. ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి వీటి అమ్మకాన్ని మందుల షాపులకే పరిమితం చేసింది. అక్కడా దొంగ సరుకు సమస్య తీరలేదు. అయినా సీసాలో ఏముందో చెప్పాల్సినవాడంటూ అక్కడ ఒకడున్నాడు.

ఈలోగా వాడుతున్నవాళ్ళకి ఒక మాట. మాడు వాసన వస్తే ఇంకో రెండు దమ్ములు లాగి "అయిపోగొడదాం" అనుకోవద్దు, ఆ క్షణమే ఆపెయ్యండి. సీలు డబ్బాని పగలగొట్టి కడగాలని, ఛార్జ్ చెయ్యాలని చూడొద్దు, లోపలిది లిథియం. పారేసేటప్పుడు పాత సెల్‌ఫోన్లు, బ్యాటరీలు తీసుకునే ఈ-వేస్ట్ కేంద్రంలో ఇవ్వండి. మానెయ్యాలని ఉంటే 1800-112-356 కేంద్ర ఆరోగ్యశాఖ నడిపే ఉచిత నంబరు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది.

పిల్లలున్న తల్లిదండ్రులు, హాస్టల్ నడిపేవాళ్ళు, ఇలాంటివి చదివే డాక్టర్లు ఉంటే మీ అభిప్రాయం చెప్పండి. నిషేధం ఎత్తెయ్యమంటే పిల్లలు పాడైపోతారని వాదించేవాళ్ళతో నాకు పేచీ లేదు. ఇప్పుడు ఉన్న పద్ధతిలో పాడవటం లేదని మాత్రం ఎవరైనా నన్ను ఒప్పించాలి.